అక్టోబరు 1: ఫొటోలో లేనివాళ్ల రోజు

గోడ మీది క్యాలెండర్‌లో అక్టోబరు పేజీ తిప్పగానే కన్ను నేరుగా రెండో తారీఖు మీదికి పోతుంది. గాంధీ జయంతి, ఎర్ర అంకె, సెలవు. దాని పక్కనున్న ఒకటో తారీఖును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆదివారం పడితే తప్ప అది నల్ల అంకే. జీతం పడే రోజు, పాలవాడి లెక్క చూసే రోజు, అంతే.

చరిత్రలోకి తొంగిచూస్తే మాత్రం ఇది చాలా హడావుడి రోజు. ఒక రాష్ట్రం పుట్టింది. ఒక దేశం కొత్త జెండా ఎగరేసింది. ప్రపంచంలో మొదటి బుల్లెట్ రైలు కదిలింది. మన ఉత్తరాలకు స్టాంపు వచ్చింది, మన కొట్లలోకి కిలో రాయి వచ్చింది. ఇన్ని ప్రారంభాలు ఒకే తేదీకి రావడంలో వింతేం లేదు. ఒకటో తారీఖంటే లెక్కలకు సులువు, కాబట్టి ప్రభుత్వాలూ కంపెనీలూ ముహూర్తం అక్కడే పెట్టుకుంటాయి.

‘చరిత్రలో ఈ రోజు’ అని వచ్చే జాబితాల్లో ఇవన్నీ తలా ఒక వాక్యంలో అయిపోతాయి. ఫలానా ఏడాది ఫలానాది మొదలైంది అంటారు, తర్వాతి ఏడాదికి వెళ్లిపోతారు. ఆ ఒక్క వాక్యంలో రిబ్బను కత్తిరించినవాళ్లకు చోటుంటుంది. ఆ రోజు రావడానికి కారణమైనవాళ్లు చాలాసార్లు ఫొటోలోనే ఉండరు. ఈసారి అక్టోబరు 1ని అలా ఫొటోలో లేనివాళ్ల వైపు నుంచి చూద్దాం. మన తెలుగువాళ్ల కథ కూడా అందులో ఉంది. దాన్ని చివరికి ఉంచుదాం.

రైలు కదిలింది, కట్టినవాళ్లు రాలేదు

1964 అక్టోబరు 1, ఉదయం ఆరు గంటలు. టోక్యో స్టేషన్ నుంచి ఒసాకా వైపు ‘హికారి’ అనే రైలు బయల్దేరింది. గంటకు 210 కిలోమీటర్ల వేగం అందుకునే రైలు అది. రెండు నగరాల మధ్య 500 కిలోమీటర్ల పైచిలుకు దూరానికి అంతకుముందు ఆరున్నర గంటలు పట్టేది. ఆ రోజు నుంచి నాలుగు గంటలైంది. ఇంకో తొమ్మిది రోజుల్లో టోక్యో ఒలింపిక్స్. ప్రపంచమంతా జపాన్ వైపు చూస్తున్న సమయం.

ఆ ప్రారంభోత్సవంలో ఇద్దరు కనిపించలేదు. ఒకరు షింజి సోగో, జపాన్ జాతీయ రైల్వేల మాజీ అధ్యక్షుడు. డెబ్బై దాటిన వయసులో, 1955లో, ఆ పదవిలోకి వచ్చాడు. విమానాలూ కార్లూ వచ్చేశాక కొత్త రైలు మార్గమెందుకని పెద్దలంతా వెక్కిరిస్తుంటే పట్టుబట్టి ఈ పని మొదలుపెట్టించాడు. రెండో ఆయన హిడియో షిమా, చీఫ్ ఇంజినీరు. ఇంజను ఒక్కటే లాగే పద్ధతి కాకుండా, పెట్టెల కిందే మోటార్లుండే రైలును తెచ్చింది ఆయన బృందమే.

మరి ఎందుకు రాలేదు? పిలవలేదు కాబట్టి. అసలు ఖర్చు చెబితే ప్రభుత్వం ఒప్పుకోదని సోగోకు తెలుసు. అందుకే అంచనా తక్కువ చేసి చూపించాడు. మధ్యలో ప్రభుత్వం చేతులెత్తేయకుండా ప్రపంచ బ్యాంకు నుంచి 8 కోట్ల డాలర్ల అప్పు కూడా తెప్పించాడు. చివరికి ఖర్చు దాదాపు రెండింతలైంది. గొడవ పెద్దదై 1963లో సోగో దిగిపోవాల్సి వచ్చింది. ఆయన వెంటే షిమా కూడా వెళ్లిపోయాడు. తను గీసిన రైలు మొదటిసారి కదలడాన్ని షిమా ఇంట్లో కూర్చుని టీవీలో చూశాడు.

సోగో చేసింది తప్పే. ప్రజల డబ్బు విషయంలో లెక్క దాచడం తప్పు కాదని ఎవరంటారు? కానీ ఇన్ని దశాబ్దాల్లో రైలు పట్టాలు తప్పో, ఇంకో రైలును ఢీకొనో షింకన్‌సెన్‌లో ఒక్క ప్రయాణికుడు కూడా చనిపోలేదు. తర్వాత టోక్యో స్టేషన్‌లో, ఆ రైళ్లు ఆగే ప్లాట్‌ఫారం మీదే, సోగో ముఖచిత్రంతో ఒక స్మారకం పెట్టారు. ముంబై-అహ్మదాబాద్ మార్గానికి మన దేశం ఎంచుకున్నది ఈ రైలు పరిజ్ఞానాన్నే.

అర్ధణా బిళ్ల, గజ్జెల బల్లెం

అక్కడి నుంచి 110 ఏళ్లు వెనక్కి, మన దేశానికి వద్దాం. 1854 అక్టోబరు 1న దేశమంతటికీ పనికొచ్చే తపాలా బిళ్లలు మొదటిసారి అమ్మకానికొచ్చాయి. అంతకు రెండేళ్ల ముందే సింధులో బిళ్లలు వచ్చినా అవి ఆ ప్రాంతానికే పరిమితం.

అంతకుముందు ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి ఉండేది. కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువుకు రూపాయి. ఆ రోజుల్లో రూపాయంటే సామాన్యుడికి అందే డబ్బు కాదు. డల్హౌసీ కాలంలో వచ్చిన కొత్త పద్ధతిలో దూరం లెక్క పోయింది. పావు తులం లోపు ఉత్తరమైతే దేశంలో ఎక్కడికైనా అర్ధణా. నీలం రంగు అర్ధణా బిళ్ల మీద విక్టోరియా రాణి తల. కలకత్తా సర్వే ఆఫీసులో కెప్టెన్ థుయిలియర్ అచ్చు వేయించాడు. అంచులకు చిల్లులుండేవి కావు, కత్తెరతో కత్తిరించుకోవాల్సిందే. నిజాం రాజ్యానికి మాత్రం సొంత టపా ఉండేది, సొంత బిళ్లలు 1869లో వచ్చాయి.

బిళ్ల మీద రాణి ఉంది, బాగానే ఉంది. ఉత్తరం మోసిందెవరు? రైలు అప్పటికింకా పసిబిడ్డ. టపా సంచీ భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని అడవుల్లో, వాగుల్లో పరుగెత్తిన టపా మనిషి మోశాడు. ఆ గజ్జెల చప్పుడు దారివ్వమని మనుషులకూ, దూరం పొమ్మని జంతువులకూ. రోజుకింత దూరమని పరుగెత్తి, తర్వాతి మనిషికి సంచీ అందించి వెనక్కి తిరగడమే అతని జీవితం.

అతని బొమ్మ బిళ్ల మీదికి ఎక్కడానికి 83 ఏళ్లు పట్టింది. 1937లో ఆరో జార్జి రాజు పేరుతో వచ్చిన వరుసలో రెండణాల బిళ్ల మీద పరుగెత్తే టపా మనిషి కనిపిస్తాడు. పక్కనే రాజుగారి తల కూడా ఉంది, అది వేరే సంగతి.

చవక కారు వెనక చెమట

అమెరికాలో 1908 అక్టోబరు 1న హెన్రీ ఫోర్డ్ కంపెనీ ‘మోడల్ టీ’ కారును జనం ముందుకు తెచ్చింది. మొదట్లో ధర 825 డాలర్ల పైన. 1920ల నడిమికి అదే కారు 260 డాలర్లకు దిగింది. 1927లో తయారీ ఆపేనాటికి కోటీ 50 లక్షల కార్లు అమ్ముడయ్యాయి. కారు డబ్బున్నవాడి షోకు కాదు, మామూలు సంసారి కూడా కొనుక్కోవచ్చు అని తేలిపోయింది.

ధర ఎలా తగ్గింది? 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. అంటే మనిషి కారు దగ్గరికి వెళ్లడు, కారే అతని ముందుకు వస్తుంది. అతను రోజంతా ఒకే బోల్టు బిగిస్తాడు. చాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది కాస్తా గంటన్నరకు దిగింది. యజమానికి అద్భుతమే. బోల్టు బిగించేవాడికి మాత్రం నరకం. ఆ ఏడాది 14 వేల మంది పనిచేసే చోటు నిండుగా ఉంచడానికి దాదాపు 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. వచ్చినవాడు వచ్చినట్టే పారిపోయాడన్నమాట.

1914 జనవరిలో ఫోర్డ్ పని గంటలు ఎనిమిదికి తగ్గించి, రోజుకు 5 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. అంతకుముందు ఇచ్చేదానికి అది రెట్టింపు పైనే. లోకమంతా ఆయన దొడ్డ మనసును మెచ్చుకుంది. దొడ్డ మనసు సంగతేమో గానీ, చెప్పాపెట్టకుండా పని మానేసి వెళ్లిపోయిన ఆ వేలమంది పేరులేని కూలీలే జీతం పెంచేట్టు చేశారని లెక్కలు చెబుతున్నాయి.

ఒకే తేదీ, ఎనిమిదేళ్ల తేడా

1938 అక్టోబరు 1న జర్మనీ సేనలు చెకోస్లొవేకియాలోని సుడెటెన్ ప్రాంతంలో అడుగుపెట్టాయి. తుపాకీ పేలలేదు. అంతకు ఒకరోజు ముందే మ్యూనిక్‌లో హిట్లర్, ముస్సోలినీ, బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే కూర్చుని సంతకాలు చేశారు. యుద్ధం తప్పిందని లండన్‌లో పండగ చేసుకున్నారు.

ఆ బల్ల దగ్గర లేనిదెవరో తెలుసా? చెకోస్లొవేకియా! ఎవరి నేల పంచారో వాళ్లకే కుర్చీ వేయలేదు. వాళ్ల ప్రతినిధులు హోటల్లో ఎదురుచూస్తూ కూర్చున్నారు. అన్నీ అయ్యాక కాగితం చేతికిచ్చారు. ఆరు నెలలు తిరక్కుండా మిగిలిన చెక్ ప్రాంతం కూడా హిట్లర్ చేతిలోకి పోయింది. ఏడాదిలోపు ప్రపంచ యుద్ధం రానే వచ్చింది.

సరిగ్గా ఎనిమిదేళ్లకు, 1946 అక్టోబరు 1న, న్యూరెంబర్గ్ కోర్టు నాజీ పెద్దలకు శిక్షలు చదివింది. 12 మందికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం, నలుగురికి జైలు. ముగ్గురు మాత్రం నిర్దోషులుగా బయటపడ్డారు. సుడెటెన్‌లోకి సేనలు వెళ్లిన రోజు జర్మనీ విదేశాంగ మంత్రి రిబెన్‌ట్రాప్, సైనిక ప్రధాన కార్యాలయ అధిపతి కైటెల్. ఆ ఇద్దరి పేర్లూ ఉరిశిక్ష జాబితాలో ఉన్నాయి. తేదీ కలవడం యాదృచ్ఛికమే. అయినా ఆ రెండు అక్టోబరు ఒకట్లను పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యలో పోయిన కోట్ల ప్రాణాలు గుర్తుకు రాకమానవు.

బొమ్మలోంచి మాయమైనవాళ్లు

ఇంకో మూడేళ్లకు, 1949 అక్టోబరు 1 మధ్యాహ్నం, బీజింగ్‌లో తియానన్మెన్ గేటు మీద నిలబడి మావో చైనా ప్రజా రిపబ్లిక్ ఏర్పడిందని ప్రకటించాడు. ‘చైనా ప్రజలు లేచి నిలబడ్డారు’ అన్న మాట ఆయన ఆ రోజే అన్నాడని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సెప్టెంబరు 21న ఒక సమావేశంలో అన్న మాట. పెద్ద రోజు చుట్టుపక్కల రోజులను ఇలాగే మింగేస్తుంది.

ఆ వేడుకను దోంగ్ షీవెన్ అనే చిత్రకారుడు 1953లో పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. మావో వెనక వరసగా నాయకులు. తర్వాత గావ్ గాంగ్ అనే నాయకుడు పార్టీకి కాకుండా పోయాడు, బొమ్మలోంచి చెరిపేశారు. సాంస్కృతిక విప్లవంలో లియూ షావ్‌చీ పడిపోయాడు. దేశాధ్యక్షుడిగా చేసిన మనిషి అవమానాల మధ్య 1969లో చనిపోయాడు. బొమ్మలోంచి ఆయన్నూ తీసేశారు. మావో పోయాక, 1970ల చివర్లో, బొమ్మను మళ్లీ మొదటిలా సరిచేశారు. చరిత్రలో ఉండడమే కాదు, ఉన్నామనిపించుకోవడం కూడా ఎంత కష్టమో చూడండి.

1958: వీశె వెళ్లి కిలో వచ్చింది

మళ్లీ మన ఊరికి వద్దాం. 1956లో పార్లమెంటు చేసిన తూనికలు, కొలతల చట్టం ప్రకారం 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా వాడకంలోకి వచ్చాయి.

అప్పటిదాకా ఎంత గందరగోళమో! మద్రాసు లెక్కలో సేరంటే 24 తులాలు. బ్రిటిష్ ప్రభుత్వ ప్రామాణిక సేరేమో 80 తులాలు. పేరొకటే, బరువు మూడింతలు తేడా. మద్రాసు లెక్కన అయిదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. వీశె అంటే ఇప్పటి లెక్కలో 1.4 కిలోలు. ధాన్యానికైతే సోల, తవ్వ, మానిక, కుంచం. ఊరు మారితే కుంచం మారేది. మోసపోయేది ఎప్పుడూ కొలవడం తెలియనివాడే.

ఈ మార్పు మంచిదే. కానీ అప్పటి సంసారుల అవస్థ ఊహించండి. 1957 ఏప్రిల్ 1న డబ్బు మారింది. 16 అణాల రూపాయి 100 నయాపైసలైంది, అణాకు ఆరు నయాపైసలని లెక్క చెప్పారు. ఇంకా అది తలకెక్కకముందే, ఏడాదిన్నరలో తూకం మారింది. ‘వీశె వంకాయలు మూడణాలు’ అని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అమ్ముకున్న మనిషి ఇప్పుడు కిలో ఎన్ని నయాపైసలో మనసులో కట్టుకోవాలి. బడి మొహం చూడని ఆడవాళ్లు, బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్లు ఆ లెక్క నేర్చుకున్నారు. దేశం మొత్తం నేర్చుకుంది. వాళ్లకు సన్మానాలేం జరగలేదు. పాత లెక్క ఇప్పటికీ పూర్తిగా పోలేదు, బంగారం దగ్గర తులం మిగిలే ఉంది. అసలు తులం 11.66 గ్రాములైతే, ఇవాళ తులమంటే చాలామంది 10 గ్రాములే అనుకుంటున్నారు.

సరిగ్గా అదే రోజు, అంటే 1958 అక్టోబరు 1న, అమెరికాలో నాసా పని మొదలుపెట్టింది. పాత వైమానిక పరిశోధన సంస్థే కొత్త పేరుతో నాసా అయింది. పాత సంస్థ తాలూకు లాంగ్లీ కేంద్రంలో లెక్కలు కట్టే నల్లజాతి మహిళలను వేరే విభాగంలో కూర్చోబెట్టేవాళ్లు, భోజనానికి కూడా వేరే బల్ల. నాసా రాకతో ఆ వేరు విభాగం రద్దయింది. అక్కడ పనిచేసిన కేథరిన్ జాన్సన్ 1962లో జాన్ గ్లెన్ భూమిని చుట్టిరావడానికి కంప్యూటరు వేసిన లెక్కలను చేత్తో సరిచూసింది. ఆమె పేరు లోకానికి బాగా తెలిసింది మాత్రం 2015లో అధ్యక్షుడి పతకం వచ్చాక, మరుసటి ఏడాది ‘హిడెన్ ఫిగర్స్’ సినిమా వచ్చాక.

హీరో పక్కన నిలబడ్డ మనిషి

ఈ తేదీన పుట్టినవాళ్లలో మనకు బాగా దగ్గరివాడు అల్లు రామలింగయ్య. 1922 అక్టోబరు 1న పాలకొల్లులో పుట్టాడు. హోమియో వైద్యం చేశాడు, నాటకాలాడాడు, ‘పుట్టిల్లు’తో సినిమాల్లోకి వచ్చాడు. ఆ తర్వాత వెయ్యికి పైగా సినిమాలు. పోస్టరు మీద హీరో ఉంటాడు, ఈయన పక్కనుంటాడు. హాల్లోంచి బయటికొచ్చాక జనం అనుకరించింది మాత్రం ఈయన నడకనూ మాటనూ.

లండన్‌లో 1847లో పుట్టిన అనీబిసెంటుది కూడా ఇదే తేదీ. మదనపల్లెలో 1915లో ఆమె కాలేజీ పెట్టింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తర్జుమా చేశాడు.

కర్నూలు గుడారాలు

ఇక మన కథ. అల్లు మొదటి సినిమా ‘పుట్టిల్లు’ వచ్చిన 1953లోనే తెలుగువాళ్లకు సొంత ఇల్లు దొరికింది. అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించాడు. గవర్నరు చందూలాల్ త్రివేది, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు, ఉప ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. మొత్తం 11 జిల్లాలు. రాజధానికి తగ్గ భవనాలు లేక ఆఫీసులు చాలావరకు గుడారాల్లో నడిచాయి.

ఆ వేదిక మీద ఉండాల్సిన మనిషి అప్పటికి చనిపోయి 290 రోజులైంది.

పొట్టి శ్రీరాములు రైల్వేలో ఉద్యోగం చేసి, వదిలేసి, సబర్మతి ఆశ్రమంలో గాంధీ దగ్గర పనిచేసిన మనిషి. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేసి సాధించాడు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ప్రత్యేక రాష్ట్రం కోసం దీక్షకు కూర్చున్నాడు. అంతకు ముందు ఏడాదే స్వామి సీతారాం 35 రోజులు చేసిన దీక్ష ఫలితమివ్వకుండా ముగిసింది. ఇదీ అంతేలే అనుకున్నారు పెద్దలు. రోజులు గడిచాయి. 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి, ఆయన ప్రాణం పోయింది.

తర్వాత నాలుగు రోజులు తెలుగు జిల్లాలు అట్టుడికాయి. రైళ్లు ఆగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. డిసెంబరు 19న నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించాడు. 58 రోజుల్లో తెమలని మాట నాలుగు రోజుల్లో తెమిలింది. ఆ నాలుగు రోజుల కాల్పుల్లో పోయినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి. శ్రీరాములు అడిగింది మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర. ఇచ్చింది మద్రాసు లేని ఆంధ్ర. బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి. బళ్లారి పట్టణం మైసూరుకు పోయింది. మద్రాసులోనూ బళ్లారిలోనూ మిగిలిపోయిన తెలుగువాళ్లకు ఆ రోజు పండగో కాదో వాళ్లనే అడగాలి.

కర్నూలు రాజధాని కావడం వెనక కూడా ఒక మాట ఉంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్నారు. రాష్ట్రమొస్తే రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు ఇవ్వాలని. ఆ మాట ప్రకారమే కర్నూలుకు రాజధాని, గుంటూరుకు హైకోర్టు దక్కాయి. ప్రకాశం ప్రభుత్వం 13 నెలలకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని హైదరాబాదుకు వెళ్లింది. కర్నూలు వైభవం మూడేళ్ల ఒక నెల. రాజధాని చర్చ వచ్చిన ప్రతిసారీ సీమవాళ్లు 1953ను ఎందుకు తలుచుకుంటారో ఇప్పుడు అర్థమైందిగా.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మూడు నెలల్లోపే, 1953 డిసెంబరులో, కేంద్రం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం వేసింది. దాని ఫలితమే 1956లో కన్నడిగులకూ మలయాళీలకూ సొంత రాష్ట్రాలు. అంటే మైలాపూరులో ఆగిన ఆ ఊపిరి దేశం పటాన్నే మార్చింది.

అయినా అక్టోబరు 1 మనకు పండగ కాలేదు. ఆంధ్రప్రదేశ్ అవతరణ దినమంటే నవంబరు 1 అని చదువుకున్నాం. 2014 తర్వాత తెలంగాణకు జూన్ 2 వచ్చింది. కర్నూలు తేదీ ఈ రెండింటి మధ్యా పడి నలిగిపోయింది. అధికారిక పండగ కావాలా వద్దా అన్నది ప్రభుత్వాలు చూసుకుంటాయి. ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది. క్యాలెండర్‌లో అక్టోబరు 1 దగ్గర పిల్లలు ఆగితే, అక్కడి నుంచి పేజీలు ముందుకు తిప్పి డిసెంబరు 15 కూడా చూపించాలి. ఒకటి రాష్ట్రం వచ్చిన రోజు. రెండోది దాని ఖరీదు కట్టిన రోజు. ఆ రెండూ కలిపి చెబితేనే పిల్లలకు చరిత్ర చెప్పినట్టు.